‘సెపరేట్’ స్పెల్లింగు: చెవిని కాదు, చుట్టాలను అడగండి

మీరు అడిగినవి మూడు. ‘సెపరేట్’ అనే ఇంగ్లీషు మాటలో ‘పీ’ తర్వాత వచ్చేది ‘ఏ’నా, ‘ఈ’నా, ఎన్నిసార్లు చూసుకున్నా అది ఎందుకు గుర్తుండటం లేదు అన్నది మొదటిది. ఆ మాట తర్వాత ‘ఫ్రం’ రావాలా ‘విత్’ రావాలా అన్నది రెండోది. మీకంటే ముందు పనిచేసినవారు ప్రోగ్రాములో ‘సెపరేటర్’ అన్న పేరును తప్పు స్పెల్లింగుతో పెట్టి వెళ్లారు, దాన్ని ఇప్పుడు సరిచేయవచ్చా అన్నది మూడోది. ఇంగ్లీషు ప్రతులు దిద్దడం నా వృత్తి. మొదటి రెండూ నేను రోజూ చూసేవే. మూడోది నిజానికి స్పెల్లింగు ప్రశ్న కాదు, అయినా దాని సంగతీ చెబుతాను.

సరైన వరుస ఇది: ఎస్-ఈ-పీ-ఏ-ఆర్-ఏ-టీ-ఈ. ‘పీ’ తర్వాత ‘ఏ’, ‘ఆర్’ తర్వాత కూడా ‘ఏ’. ‘కలర్’, ‘సెంటర్’ లాంటి మాటలకు బ్రిటిష్ స్పెల్లింగు వేరు, అమెరికన్ స్పెల్లింగు వేరు. ఈ మాటకు అలాంటి వెసులుబాటు లేదు. ‘ఈ’తో రాసేది ఇంకో దేశపు పద్ధతి అని ఎవరైనా చెబితే నమ్మకండి, అది ఎక్కడైనా తప్పే. క్రియగా వాడినా విశేషణంగా వాడినా స్పెల్లింగు మారదు.

ముందుగా మీ మీద మీరు వేసుకున్న నింద తీసేద్దాం. ‘నా జ్ఞాపకశక్తి అంతంతమాత్రం’ అని రాశారు. ఇంగ్లీషు మాతృభాషగా పుట్టి పెరిగినవారు, రాతతోనే బతికేవారు కూడా ఈ మాట దగ్గర తప్పటడుగు వేస్తారు. ఇంగ్లీషులో తరచు తప్పుగా రాసే మాటల పట్టిక ఎవరు తయారుచేసినా ఇది అందులో చేరుతుంది. లోపం మీ జ్ఞాపకంలో లేదు, ఆ మాట ఉచ్చారణలో ఉంది.

ఇంగ్లీషు మాటలో అచ్చులన్నీ సమానంగా పలకవు. ఏదో ఒకదాని మీద ఊనిక పడుతుంది, అది నిండుగా వినిపిస్తుంది. మిగిలినవి చప్పబడిపోతాయి. ‘సెపరేట్’లో ఊనిక మొదటి భాగం మీద ఉంది. రెండో అచ్చు ఏదో తేల్చి చెప్పలేనంత పొట్టిగా, రంగు లేకుండా మిగులుతుంది. భాషాశాస్త్రంలో ఈ ధ్వనిని ‘ష్వా’ అంటారు, నిఘంటువుల్లో తలకిందులుగా తిప్పిన చిన్న ‘ఈ’తో చూపిస్తారు. ఇంగ్లీషు మాట్లాడేటప్పుడు అన్నిటికన్నా ఎక్కువగా వినిపించే అచ్చు ఇదే. అయినా దానికంటూ ఒక అక్షరం లేదు. ‘అబౌట్’లో దాన్ని ‘ఏ’తో రాస్తారు, ‘టేకెన్’లో ‘ఈ’తో, ‘పెన్సిల్’లో ‘ఐ’తో, ‘లెమన్’లో ‘ఓ’తో, ‘సర్కస్’లో ‘యూ’తో. అయిదు అక్షరాలకూ ఒకటే గొంతు. కాబట్టి ఎంత శ్రద్ధగా విన్నా, ఎంత గొప్ప వక్త పలికినా ఆ చోట ఏ అక్షరం ఉందో చెవి చెప్పలేదు. విశేషణంగా వాడినప్పుడైతే ఆ అచ్చు పూర్తిగా మాయమై ‘సెప్రట్’ అని రెండే భాగాలుగా వినిపిస్తుంది. అసలు అచ్చే లేకుండా ‘పీ’ పక్కనే ‘ఆర్’ పెట్టి రాసేవారు ఇలా తయారవుతారు.

తెలుగు చదివి పెరిగినవారికి ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. మన లిపిలో పలికినట్టు రాస్తాం, రాసినట్టు పలుకుతాం. సందేహం వస్తే మాటను నెమ్మదిగా పలికి చూసుకోవడం మన అలవాటు. ఇంగ్లీషులో ఆ అలవాటు కొన్నిచోట్ల మోసం చేస్తుంది. నెమ్మదిగా పలికినప్పుడు మీ నోట వచ్చే అచ్చు మీరు ఊహించుకున్నదే అవుతుంది కాని ఆ మాటలో ఉన్నది కాదు. ‘సె-పె-రేట్’ అని సాగదీసి పలికి, అందుకే ‘ఈ’ రాశానని వాదించినవారిని చాలామందిని చూశాను.

దీనికి ఒక తెలుగు కిటుకు కూడా చెబుతుంటారు. తెలుగులో ‘సెపరేట్’ అని రాసేటప్పుడు ‘ప’ రాస్తాం, ‘పె’ రాయం, కాబట్టి ఇంగ్లీషులోనూ ‘ఏ’ రాయాలి అంటారు. ఈ ఒక్క మాటకు అది కలిసివస్తుంది. కాని ‘ఆపరేట్’, ‘డెస్పరేట్’ అన్నవాటిని కూడా తెలుగులో ‘ప’తోనే రాస్తాం. ఇంగ్లీషులో ఆ రెండింటికీ ‘పీ’ తర్వాత ‘ఈ’ ఉంది. అదృష్టం కొద్దీ పనిచేసే సూత్రాన్ని పిల్లలకు నేర్పకండి. ఒక మాట సరిపోయి రెండు చెడిపోతాయి.

ఆ రెండు మాటల ప్రస్తావన వచ్చింది కాబట్టి చెప్పాలి, ఈ తప్పుకు రెండో కారణం అవే. ఇంగ్లీషులో ‘ఈ-ఆర్-ఏ-టీ-ఈ’తో ముగిసే మాటలు గంపెడు: ఆపరేట్, జెనరేట్, మోడరేట్, టాలరేట్, డెస్పరేట్, టెంపరేట్, లిటరేట్, యాక్సెలరేట్, రిఫ్రిజిరేట్. ఇవన్నీ రాసి రాసి చేతికి ఒక దారి పడిపోతుంది. ‘ఏ-ఆర్-ఏ-టీ-ఈ’తో ముగిసేవి మాత్రం అరుదు. వాడుకలో ఉన్నవాటిలో ‘సెపరేట్’ కాకుండా నాకు వెంటనే తట్టేది ‘డిస్పరేట్’ ఒక్కటే. పొంతన లేని, ఒకదానికొకటి సంబంధం లేని అని దాని అర్థం. సంఖ్య పెంచాలనుకుంటే ‘కరాటే’ను కూడా చేర్చుకోవచ్చు, దాని చివరి అక్షరాలూ అవే! చెవి సాయం చేయని చోట చేయి తనకు అలవాటైన దారినే పోతుంది, అందుకే ‘ఈ’ పడుతుంది. ఒక విధంగా ఇది తెలివైన తప్పు. ఇంగ్లీషు మాటల తీరు బాగా ఎక్కినవారే ఇలా రాస్తారు.

చెవి పనికిరానప్పుడు ఎవరిని అడగాలి? ఆ మాట చుట్టాలను అడగాలి. ఇంగ్లీషు స్పెల్లింగులో నేను అన్నిటికన్నా ఎక్కువగా నమ్మే పద్ధతి ఇదే. ఒక మాటలో అచ్చు మసకబారితే, అదే కుటుంబంలో ఆ అచ్చు మీద ఊనిక పడిన ఇంకో మాట దొరుకుతుందేమో చూడాలి. ‘గ్రామర్’ చివర ‘ఏ-ఆర్’ రాయాలా ‘ఈ-ఆర్’ రాయాలా? ‘గ్రమాటికల్’ అని పలకండి, ‘ఏ’ స్పష్టంగా బయటపడుతుంది. ‘డెఫినిట్’లో ‘ఎఫ్’ తర్వాత ఏముంది? ‘డిఫైన్’ను చూడండి, ‘ఐ’ ఉంది. ‘కాంపిటిషన్’లో ‘పీ’ తర్వాత? ‘కంపీట్’ చెబుతుంది, ‘ఈ’. ‘సిమిలర్’ చివర? ‘సిమిలారిటీ’లో ‘ఏ’ వినిపిస్తుంది. ‘డెమోక్రసీ’లో ‘ఆర్’ తర్వాత? ‘డెమోక్రాటిక్’ ఉంది కదా. ‘జెనరేట్’లో ‘ఎన్’ తర్వాత? ‘జెనెరిక్’లో ఊనిక సరిగ్గా ఆ ‘ఈ’ మీదే పడుతుంది. ఈ పద్ధతి అలవాటైతే నిఘంటువు తెరవాల్సిన అవసరం సగానికి సగం తగ్గుతుంది.

‘సెపరేట్’ దగ్గర మాత్రం ఈ పద్ధతి ఒక అడుగు దూరంలో ఆగిపోతుంది. సెపరేషన్, సెపరేటర్, సెపరబుల్, సెపరటిస్ట్ అన్నిటినీ పలికి చూడండి. ఊనిక ఒకచోట ‘సె’ మీద, ఇంకోచోట ‘రే’ మీద పడుతుంది తప్ప ‘ప’ మీద ఒక్కసారీ పడదు. సొంత పిల్లల్లో ఎవరూ సాక్ష్యం చెప్పరు. ఈ మాట ఇంత మొండిదిగా మిగిలిపోవడానికి అసలు కారణం ఇదేనని నా అభిప్రాయం.

సాక్ష్యం చెప్పగలిగే మాట అక్కాచెల్లెళ్లలో ఒకటుంది: ‘ప్రిపేర్’. లాటిన్‌లో ‘పరారే’ అనే క్రియ ఉంది, సిద్ధం చేయడం, అమర్చడం అని దాని అర్థం. దాని ముందు ‘ప్రే’ చేరితే ముందుగా అమర్చడం, అదే ‘ప్రిపేర్’ అయింది. ‘సే’ చేరితే విడిగా అమర్చడం, అదే ‘సెపరేట్’ అయింది. ‘ప్రిపేర్’లో ఊనిక సరిగ్గా ‘పేర్’ మీద పడుతుంది, అక్కడ ‘పీ-ఏ-ఆర్’ ఉందని ఎవరికీ సందేహం రాదు. కాబట్టి ‘సెపరేట్’ రాసే ముందు మనసులో ‘ప్రిపేర్’ అనుకోండి. ప్రిపేర్, ప్రిపరేషన్, సెపరేషన్, సెపరేట్. నాలుగింటిలోనూ ‘పీ-ఏ-ఆర్’. ‘ప్రిపరేషన్’ను కూడా ‘ఈ’తో రాసేవారున్నారు, వారికీ ఇదే మందు.

ఈ కుటుంబం చాలా పెద్దది. ‘పరేడ్’, కత్తివేటును కాచుకోవడం అనే అర్థంలో వాడే ‘ప్యారీ’, ఎండను కాచే ‘పారసోల్’, పడిపోవడాన్ని కాచే ‘పారాచూట్’ అన్నీ ఆ ‘పరారే’ నుంచి ఇటాలియన్, ఫ్రెంచి దారుల్లో వచ్చినవే. అన్నిటిలోనూ ‘పీ-ఏ-ఆర్’ కనిపిస్తుంది. మినహాయింపులు కూడా ఉన్నాయి. ‘ఇంపరేటివ్’, ‘ఎంపరర్’ కూడా ఈ ధాతువు సంతానమే. కాని ‘ఇంపెరారే’ అన్న రూపంలో లాటిన్‌లోనే ఆ ‘ఏ’ కాస్తా ‘ఈ’గా మారింది, ఆ రూపమే ఇంగ్లీషుకు చేరింది. అందుకే కుటుంబం మొత్తానికి ఒకే సూత్రం అని చెప్పడం లేదు. ‘ప్రిపేర్’ ఒక్కటి పట్టుకుంటే చాలు.

ఇంకో చమత్కారం చెప్పకుండా ఉండలేను. ‘సెవర్’ అంటే తెంచడం, ‘సెవరల్’ అంటే అనేక. ఈ రెండూ ‘సెపరేట్’కు రక్తసంబంధీకులే. లాటిన్ ‘సెపరారే’ ఫ్రెంచివారి నోళ్లలో నలిగి, ‘పీ’ కాస్తా ‘వీ’ అయి, నడిమి ‘ఏ’ మాయమై ‘సెవ్ర్’గా మిగిలింది. ఇంగ్లీషుకు చేరిన రూపంలో ఆ చోట ‘ఈ’ ఉంది. నేటి ఫ్రెంచిలో ఆ క్రియకు పసిబిడ్డ చేత పాలు మాన్పించడం అనే అర్థం ఉంది. ‘సెవరల్’ మొదట్లో అనేక అనే అర్థం ఇచ్చేది కాదు, విడివిడి అనే అర్థం ఇచ్చేది. ఒప్పంద పత్రాల్లో ‘జాయింట్లీ అండ్ సెవరల్లీ’ అనే మాట మీరు చూసే ఉంటారు. అందరూ ఉమ్మడిగానూ, ఎవరికి వారు విడిగానూ బాధ్యులు అని దాని అర్థం. ‘అనేకసార్లు’ అని చదివితే పత్రం అర్థమే మారిపోతుంది. అంటే ఒకే లాటిన్ మాట రెండుసార్లు ఇంగ్లీషులోకి వచ్చింది. జనం నోటి మీదుగా వచ్చినప్పుడు ‘ఈ’తో తేలింది. పండితులు లాటిన్ పుస్తకాల్లోంచి నేరుగా తెచ్చుకున్నప్పుడు ‘ఏ’ చెక్కుచెదరకుండా నిలిచింది. ‘సెపరేట్’ రెండో రకం.

ఇక గుర్తుపెట్టుకునే కిటుకులు. అన్నిటికన్నా ప్రసిద్ధమైనది ఎలుక కిటుకు: ‘సెపరేట్’లో ఒక ఎలుక దాక్కుని ఉంది, ‘ఆర్-ఏ-టీ’. పిల్లలకు సరదాగా ఉంటుంది. కాని దీన్ని చాలామంది సగమే నేర్పుతారు. మీరు రాసే తప్పు స్పెల్లింగులో కూడా ‘ఆర్-ఏ-టీ’ ఉంది, చూసుకోండి! ఎలుక రెండింటిలోనూ ఉంది, కాబట్టి ఎలుక వల్ల ఏదీ తేలదు. ‘ఒక ఎలుక’ అన్నప్పుడు ఆ ‘ఒక’ ముఖ్యం, అంటే ‘ఏ’ అక్షరం, దాని పక్కన ‘ఆర్-ఏ-టీ’. ఆ ‘ఏ’ని వదిలేసి ఎలుకను మాత్రం గుర్తుపెట్టుకున్నవారు తప్పు స్పెల్లింగును ధీమాగా రాస్తారు.

నాకు నచ్చిన కిటుకు వేరే ఉంది, తెలుగు చదివినవారికి అది ఇట్టే ఎక్కుతుంది. ఈ మాటలో ఎనిమిది అక్షరాలు, నాలుగు హల్లులు, నాలుగు అచ్చులు. ఒక హల్లు, ఒక అచ్చు, మళ్లీ హల్లు, మళ్లీ అచ్చు, ఎక్కడా ఈ వరుస తప్పదు, ఎక్కడా జంట అక్షరం లేదు. గుణింతం రాసినట్టు జంటలుగా విడగొట్టండి: ఎస్-ఈ, పీ-ఏ, ఆర్-ఏ, టీ-ఈ. ఇప్పుడు అచ్చులు మాత్రమే చదవండి: ఈ, ఏ, ఏ, ఈ. ముందు నుంచి చదివినా వెనక నుంచి చదివినా ఒకటే. రెండు ‘ఈ’లు అంచుల్లో, రెండు ‘ఏ’లు నడుమ. తప్పు స్పెల్లింగులో ఈ సమతూకం చెడి ఈ, ఈ, ఏ, ఈ అవుతుంది. రాసిన మాటను ఒక్క చూపులో పరీక్షించడానికి ఇంతకన్నా సులువైనది నాకు తెలియదు.

తప్పు రాస్తే కంప్యూటర్ ఆ మాట కింద ఎర్రగీత వేస్తుంది కదా, ఇంత శ్రమ ఎందుకు అనవచ్చు. వేస్తుంది, కొన్నిచోట్ల చెప్పకుండానే సరిచేస్తుంది. కాని అది మీకు నేర్పదు. చేతిరాత పరీక్షలో, ఫారంలో, ఫైలు పేరులో, ప్రోగ్రాములో ఆ గీత చాలాసార్లు ఉండదు.

ఇదే కుటుంబంలోని ఇతర రూపాల్లో జరిగే తప్పులు త్వరగా చెబుతాను. ‘సెపరేట్లీ’ అన్నప్పుడు చివరి ‘ఈ’ పోదు: టీ-ఈ-ఎల్-వై. ‘సెపరేషన్’లో ఆ ‘ఈ’ పోతుంది. ‘వేరుచేయదగిన’ అనడానికి ‘సెపరబుల్’ అనాలి, మధ్యలో ‘టీ’ రాదు. ‘ఇన్‌సెపరబుల్’ కూడా అంతే. ‘సెపరేటర్’ చివర ‘ఓ-ఆర్’ వస్తుంది, ‘ఈ-ఆర్’ కాదు. ఇలా ‘ఏట్’తో ముగిసే క్రియల నుంచి పుట్టే మాటలు సాధారణంగా ‘ఓ-ఆర్’తోనే ముగుస్తాయి: ఆపరేటర్, జెనరేటర్, మోడరేటర్. స్వీడన్ ఇంజనీరు గుస్తాఫ్ దె లావాల్ 1878లో రూపొందించిన, పాల నుంచి మీగడ తీసే యంత్రం పేరులోనూ ఈ ‘సెపరేటర్’ ఉంది.

ఉచ్చారణ గురించి మీరు అడగలేదు, అయినా స్పెల్లింగుతో ముడిపడి ఉంది కాబట్టి ఒక మాట. క్రియ అయితే చివర ‘రేట్’ అని నిండుగా పలకాలి. విశేషణమైతే ‘రట్’ అని పొట్టిగా. ‘ఎస్టిమేట్’, ‘డూప్లికేట్’, ‘మోడరేట్’, ‘గ్రాడ్యుయేట్’ అన్నీ ఇంతే. క్రియగా ఉన్నప్పుడు చివరి అచ్చు దీర్ఘం, పేరుగానో విశేషణంగానో ఉన్నప్పుడు హ్రస్వం. తెలుగులో మనం రెండింటినీ ‘సెపరేట్’ అనే రాసుకుంటాం, అందుకే ఇంగ్లీషు మాట్లాడేటప్పుడు విశేషణాన్ని కూడా దీర్ఘంగా పలుకుతుంటాం. అర్థం కాకుండా పోదు, కొద్దిగా ఎబ్బెట్టుగా వినిపిస్తుంది, అంతే.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. ఒకదాన్ని దేని నుంచి వేరుచేస్తున్నామో దాని ముందు ‘ఫ్రం’ రావాలి. ఇక్కడ తెలుగు ‘నుంచి’ మనల్ని సరిగ్గానే నడిపిస్తుంది. కాని తెలుగులో ‘అతనితో విడిపోయింది’ అని కూడా అంటాం కదా, ఆ ‘తో’ను ఇంగ్లీషులోకి మోసుకుపోయి ‘విత్’ పెట్టడం వల్ల తప్పు జరుగుతుంది. అలాగే ‘రెండింటి మధ్య తేడా’ అనే అలవాటు కొద్దీ ‘సెపరేట్ బిట్వీన్’ అని రాస్తారు. తేడా గుర్తించడం అనే అర్థంలో ‘బిట్వీన్’ కావాలంటే ‘డిస్టింగ్విష్’ అనే క్రియ ఉంది, ‘సెపరేట్’ పక్కన అది పొసగదు. మీరు పంపిన వాక్యంలో బిల్లులను రసీదులతో వేరుచేయండి అన్నట్టు ‘విత్’ ఉంది. దాన్ని ‘ఫ్రం’ చేయండి, లేదా ‘సెపరేట్ ది బిల్స్ అండ్ ది రిసీట్స్’ అని రెండింటినీ సమానంగా పెట్టండి. రెండూ ఒప్పే.

‘ఫ్రం’తో పాటు ఇంకో రెండింటికి చోటుంది. మధ్యలో అడ్డుగా ఉన్నదాన్ని చెప్పాలంటే ‘బై’. ఇంగ్లండు ఫ్రాన్సు నుంచి వేరై ఉంది అనేటప్పుడు ఫ్రాన్సు ముందు ‘ఫ్రం’, ఇంగ్లిష్ చానల్ వల్ల వేరై ఉంది అనేటప్పుడు చానల్ ముందు ‘బై’. గోడ అయినా, నది అయినా, పదేళ్ల కాలం అయినా అంతే. వేరుచేశాక ఏర్పడిన కుప్పలను చెప్పాలంటే ‘ఇంటూ’. బిల్లులను మూడు కట్టలుగా వేరుచేస్తే ఆ మూడు కట్టల ముందు ‘ఇంటూ’ వస్తుంది.

‘డివైడ్’కూ దీనికీ తేడా ఏమిటని చివర్లో ఒక ముక్క అడిగారు. ఒక్కటిగా ఉన్నదాన్ని భాగాలు చేయడం ‘డివైడ్’. కలిసిపోయి ఉన్నా అసలు వేరువేరు అయినవాటిని విడదీయడం ‘సెపరేట్’. తరగతిలోని పిల్లలను నాలుగు జట్లుగా చేస్తే ‘డివైడ్’. కొట్టుకుంటున్న ఇద్దరు పిల్లలను విడదీస్తే ‘సెపరేట్’. సరిహద్దులో ఈ రెండూ ఒకదాని చోట ఒకటి వస్తుంటాయి, దాని గురించి తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు.

అంతకన్నా జాగ్రత్తగా చూడాల్సినది ‘డిఫరెంట్’తో తేడా. ‘డిఫరెంట్’ అంటే పోలిక లేనిది, ‘సెపరేట్’ అంటే కలిసి లేనిది. ఒకే పత్రానికి తీసిన రెండు నకళ్లు అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉంటాయి, కాబట్టి అవి ‘డిఫరెంట్’ కావు. అయినా రెండు ‘సెపరేట్’ కాగితాలే. నివేదికలో ‘మూడు డిఫరెంట్ ఫిర్యాదులు’ అని రాస్తే మూడు రకాల ఫిర్యాదులని అర్థం, ‘మూడు సెపరేట్ ఫిర్యాదులు’ అంటే విడివిడిగా వచ్చిన మూడు, విషయం ఒకటే కావచ్చు. ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది కాని ఒక దేశపు న్యాయచరిత్రే దీని చుట్టూ తిరిగింది. అమెరికాలోని లూసియానా రాష్ట్రం 1890లో నల్లవారికి, తెల్లవారికి రైలుపెట్టెల్లో ‘సమానమైన, కానీ సెపరేట్’ వసతులు ఉండాలని చట్టం చేసింది. అక్కడి సుప్రీంకోర్టు 1896లో ప్లెసీ వర్సెస్ ఫెర్గూసన్ కేసులో దాన్ని సమర్థించింది. విడిగా ఉన్నంత మాత్రాన తక్కువ చేసినట్టు కాదు అన్నది ఆ వాదన. 1954లో బ్రౌన్ కేసులో అదే కోర్టు, చదువు విషయంలో విడిగా ఉంచడంలోనే అసమానత ఉందని తేల్చింది.

దరఖాస్తుల్లో వైవాహిక స్థితి అడిగే చోట కనిపించే ‘సెపరేటెడ్’కు విడాకులు తీసుకున్నారని అర్థం కాదు. విడిగా ఉంటున్నారు, చట్టం దృష్టిలో వివాహం ఇంకా ఉంది. విడాకులైతే ‘డివోర్స్‌డ్’. ఈ రెంటినీ కలిపేస్తే ఇబ్బంది స్పెల్లింగుతో ఆగదు. ఇక ఉత్తరాల్లో వాడే ‘అండర్ సెపరేట్ కవర్’ అనే పాత పలుకుబడికి వేరే కవరులో పంపుతున్నాం అని అర్థం. అక్కడ అది విశేషణం కాబట్టి ‘సెపరేట్లీ’ అనకూడదు.

మూడో ప్రశ్న మిగిలింది. ప్రోగ్రాములు రాసేవారికి ఈ మాట తప్పదు. అంకెల మధ్య, పదాల మధ్య, ఫైలు దారుల మధ్య ఏదో ఒక విడదీసే గుర్తు కావాలి. కంప్యూటర్ ఒక్కో అక్షరానికి, గుర్తుకు ఒక్కో సంఖ్య కేటాయించే ఆస్కీ పట్టికలో 28 నుంచి 31 వరకు ఉన్న నాలుగు సంకేతాల పేర్లలోనూ ‘సెపరేటర్’ ఉంది. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో తెర మీద అచ్చువేసే ఆదేశానికి ఇచ్చే ఎంపికను ‘ఎస్-ఈ-పీ’ అని మూడక్షరాలకు కుదించారు. టైపు చేసే శ్రమ తగ్గించడానికే అయి ఉంటుంది, కాని సరిగ్గా ప్రమాదకరమైన అచ్చు ముందే ఆగడం చూస్తే నాకు నవ్వొస్తుంది. కొత్త పేరు పెట్టేటప్పుడు మీకూ ఆ దారి ఉంది.

పాత తప్పు పేరు సంగతి వేరు. ప్రోగ్రాముకు స్పెల్లింగుతో పని లేదు, రెండు చోట్ల ఒకేలా ఉంటే చాలు. వెబ్ పేజీలు ఇచ్చిపుచ్చుకునే హెచ్‌టీటీపీ పద్ధతినే చూడండి. ఏ పేజీ నుంచి వచ్చారో తెలిపే శీర్షికకు ‘రిఫరర్’ అని పేరు పెడుతూ ఒక ‘ఆర్’ వదిలేశారు. 1996లో వెలువడిన హెచ్‌టీటీపీ 1.0 వెర్షన్ పత్రంలో అది అలాగే నమోదైంది. అప్పటికే ఆ పేరును నమ్ముకున్న ప్రోగ్రాములు ఉన్నాయి కాబట్టి దాన్ని సరిచేయలేదు, ఇప్పటికీ బ్రౌజర్లు ఆ ‘ఆర్’ లేకుండానే పంపుతున్నాయి. తర్వాత వచ్చిన ‘రిఫరర్ పాలసీ’ అనే శీర్షికలో మాత్రం స్పెల్లింగు సరిగ్గా ఉంది. తప్పు ఒప్పు రెండూ పక్కపక్కనే పనిచేస్తున్నాయి.

మీరూ అదే చేయండి. ఆ పేరు మీ ఒక్క ఫైలులోనే ఉంటే ఈరోజే మార్చేయండి. డేటాబేసులో నిలువు వరుస (కాలమ్) పేరుగానో, ఇతరుల ప్రోగ్రాములు వాడుకునే పేరుగానో ఉంటే మాత్రం ఒంటరిగా ముట్టుకోకండి, అవతలివారి పని చెప్పకుండా ఆగిపోతుంది. అలాంటప్పుడు సరైన స్పెల్లింగుతో కొత్త పేరు చేర్చి, పాతదాన్ని కూడా కొంతకాలం పనిచేయనివ్వండి, వాడేవారందరికీ గడువు చెప్పండి. గడువు పెట్టే అధికారం మీకు లేకపోతే పాత పేరు పక్కన ‘ఈ స్పెల్లింగు తప్పని తెలుసు, మార్చితే ఫలానా ప్రోగ్రాము ఆగుతుంది’ అని ఒక వ్యాఖ్య రాయండి. లేకపోతే మీ తర్వాత వచ్చేవారు ఉత్సాహం కొద్దీ దాన్ని సరిచేసేస్తారు.